గౌసియాను దించిన వారం

సోమవారం పొద్దున పదిన్నర కావస్తుండగా అనంతపురం విత్తన గిడ్డంగిలో జల్లెడ యంత్రాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు. పదకొండు గంటలకు ఆ వారం ఎంపికలకు తాళం పడుతుంది. ఆలోగా ఎవరి కొలువు వాళ్ళు సరిచూసుకోవాలి. వేరుశనగ మూటల మీద దుమ్ము దులుపుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎడమ మణికట్టు వెల్లకిలా తిప్పగానే తమలపాకంత పలచని దేహవాణి పట్టీ మీద పన్నెండు పేర్లు వెలిగాయి. ఆడే తొమ్మండుగురు, పక్కన కూర్చునే ముగ్గురు.

"హంపక్కా, ఈ వారం ఎవుర్నైనా దించుతాండావా?" తూకం దగ్గర కూర్చునే రామాంజినమ్మ అడిగింది.

"ఇంగా చూసుకోలేదు" అంది హంపమ్మ.

నిజానికి ఆమె తెల్లవారినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. గింజలు ఏరుతున్న చేతులతోనే మధ్యమధ్యలో పట్టీని వెలిగించి ఒకే ఒక్క పేరు చూసి ఆర్పేస్తోంది. ఆ పేరు గౌసియాది.

క్రికెట్ తాతల నాటి ఆటగా మారి చాలా కాలమైంది. సీమ జిల్లాల బడుల్లో ఆడపిల్లలు మొదట సాఫ్ట్‌బాల్ పట్టుకున్నారు, తర్వాత బేస్‌బాల్‌కు మళ్ళారు. వాళ్ళ ఆటే పెరిగి పెద్దదై ఎనిమిది జట్ల పోటీగా నిలబడింది. ఆ పోటీకి ఎంపిక సంఘాలు లేవు. ఏ ఆటగత్తె మైదానంలోకి దిగాలో చూసేవాళ్ళే నిర్ణయిస్తారు. ప్రతి ఒక్కరూ ఎనిమిది జట్ల నుంచీ తమకు నచ్చిన పన్నెండు మందిని ఏరుకుని ఊహలో ఒక జట్టు కట్టుకుంటారు. దాని పేరే కొలువు. కొలువులోని వాళ్ళు నిజం ఆటలో ఎంత బాగా ఆడితే కొలువు యజమానికి అన్ని పాయింట్లు. పూర్వం అది కాలక్షేపం మాత్రమే. కొత్త పద్ధతి వచ్చాక ఆ కాలక్షేపమే అధికారమైంది. ఎక్కువ కొలువుల్లో ఎవరు నిలిచి ఉంటే వాళ్ళనే ఆ వారం జట్టు ఆడించి తీరాలి. ఎంత మంది నిలిపారో చెప్పే సంఖ్యను నిలకడ అంకె అంటారు.

జనం గుడ్డిగా ఎంచుకోకూడదని దేహవాణిని తెచ్చారు. ఆటగత్తె గుండె మీద, విసిరే చేతి మీద, రెండు తొడల మీద కందిగింజంత బిళ్ళలు అంటించి ఉంటాయి. నాడి, నిద్ర, కండరాల బిగువు, విసురు వేగం, అన్నీ ఆమెను కొలువులో పెట్టుకున్నవాళ్ళ మణికట్టుకు చేరతాయి. దాపరికం లేదు, సిఫార్సు లేదు.

ఆ పద్ధతి వచ్చిన రోజు హంపమ్మ ఏడ్చింది. ఇరవై రెండేళ్ళ వయసులో రాష్ట్ర జట్టు జాబితాలో ఆమె పేరు పడింది. సాయంత్రం గోడ మీద కాగితంలో తన పేరు తను చదువుకుని వచ్చింది. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి ఆ పేరు మీద చిన్న చీటీ అంటించి ఉంది. చీటీలో సంఘం సభ్యుడి మేనకోడలి పేరు. గోరుతో గీకితే కింద తన పేరు కనబడుతూనే ఉంది. మళ్ళీ ఆమెకు అవకాశం రాలేదు. గ్లోవ్ పక్కన పెట్టి గిడ్డంగిలో గింజలు ఏరే పనికి కుదిరింది.

ఇప్పుడామెకు నలభై ఒకటి. ఆడలేకపోయిన ఆట మీద మమకారమంతా కొలువులో పెట్టింది. సీజన్ ఇరవై నాలుగు వారాలు. మొదటి వారం అందరూ పేరున్నవాళ్ళ వెంట పడితే హంపమ్మ ఎవరూ పట్టించుకోని పిల్లలను కొలువులో పెట్టుకుని, వాళ్ళ నిద్ర అంకెలు చదువుతూ కూర్చునేది. ఈ ఏడు మూడో వారంలో చిత్తూరు జట్టులో ఎవరికీ తెలియని ఒక పిల్లను తీసుకుంది. ఐదో వారానికి ఆ పిల్ల పేరు రాష్ట్రమంతా తెలిసింది. తొమ్మిదో వారంలో కర్నూలు బ్యాటర్ వరసగా నాలుగు మ్యాచ్‌లు విఫలమైతే అందరూ దించేశారు. హంపమ్మ దించలేదు. 'పిల్ల నిద్ర మళ్ళీ కుదురుకుంది, ఒక్క వారం ఓపిక పట్టండి' అంది. పదో వారంలో ఆ బ్యాటర్ బంతిని కంచె దాటించింది. అందుకే తీరిక లేనివాళ్ళు తమ కొలువులను హంపమ్మ కొలువుకు ముడివేసుకున్నారు. వాటిని తోక కొలువులంటారు. ఆమె ఎవరిని నిలిపితే అవీ నిలుపుతాయి, ఎవరిని దించితే అవీ దించుతాయి. ఆ సీజన్ నడిమికి ఆమె వెనక అరవై వేల తోకలున్నాయి.

ఆమె కొలువులో ఎన్నడూ లేని పేరు ఒకటుంది. అది ఆమె చెల్లెలు కుళ్లాయమ్మది.

కుళ్లాయమ్మ అనంతపురం జట్టు క్యాచర్. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని పిచర్ విసిరే ప్రతి బంతినీ ఎడమచేతి గ్లోవ్‌తో పట్టుకోవడం క్యాచర్ పని. ఒక్కో మ్యాచ్‌లో నూరుకు పైగా బంతులు. అక్కకూ చెల్లెలికీ పదిహేనేళ్ళు తేడా. తల్లి పోయేటప్పటికి కుళ్లాయికి ఆరేళ్ళు. అన్నం కలిపి పెట్టిందీ, గ్లోవ్ తొడిగిందీ హంపమ్మే. అయినా కొలువులో మాత్రం పెట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "నా చెల్లెల్ని నేనే పెట్టుకుంటే, ఆ చీటీ అంటించినోళ్ళకీ నాకూ ఏం తేడా?" అనేది.

గౌసియా అదే జట్టు పిచర్. వాళ్ళ వీధి పిల్లే, కుళ్లాయి ఈడుదే. హంపమ్మ ఆమెను మొదటి వారం నుంచీ నిలిపి ఉంచింది. మూడు నాలుగు వారాలుగా మాత్రం గౌసియా అంకెలు ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు. విసురు వేగం గంటకు నూటపన్నెండు కిలోమీటర్ల నుంచి నూటమూడుకు దిగింది. బంతి వదలబోయే క్షణాన నాడి ఎగిరి దూకుతోంది. నిద్ర తగ్గింది. ఇంకా ఓడిపోవడం లేదు. నెమ్మదిగా వేసినా గురి తప్పకుండా వేస్తూ నెట్టుకొస్తోంది. ఎందుకిలా అని పట్టీని అడిగితే 'కారణం తెలియదు' అన్న రెండు ముక్కలే వస్తున్నాయి. హంపమ్మకు మాత్రం తెలుసనిపించింది. ఇలాంటి గీతలు ఆమె గతంలో రెండుసార్లు చూసింది. రెండుసార్లూ మోచేతి నరం తెగబోయే ముందు శరీరం తనకు తాను జాగ్రత్త పడుతున్న గుర్తులే అవి. ఇద్దరూ ఆపరేషన్ బల్ల ఎక్కారు.

"ఒక్క వారం చూద్దాం" అని ఆ సోమవారానికి పట్టీ ఆర్పేసింది. పదకొండు కొట్టింది. తాళం పడింది. జల్లెడలు మళ్ళీ కదిలాయి.

ఆ వారం మ్యాచ్‌లో గౌసియా వేగం నూరుకు పడిపోయింది.

ఆదివారం సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, కుళ్లాయి గౌసియాను వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. హంపమ్మ సంకటి కెలికి ముద్దలు చేసి, శనక్కాయల ఊరుబిండి నూరింది. ముగ్గురూ వసారాలో కూర్చుని తింటున్నారు. కుళ్లాయి ఎడమచెయ్యి చున్నీ కింద ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళ చెంబు తనవైపే ఉన్నా, "గౌసీ, నీళ్ళు పొయ్యి" అంది. హంపమ్మ అదంతా చూస్తూనే ఉంది, కానీ ఆమె ధ్యాస గౌసియా కుడి మోచేతి మీద ఉంది. ఆ మోచెయ్యి వంగడంలో, సంకటి తుంచడంలో, ఎక్కడ బిగుసుకుంటుందో కనిపెట్టాలని చూస్తోంది.

"గౌసియా, మోచెయ్యి ఏమన్నా లాగుతాండాదా?"

గౌసియా చెయ్యి తట్టలో ఆగిపోయింది. ఆమె హంపమ్మ వైపు చూడలేదు, కుళ్లాయి వైపు చూసింది.

"లేదక్కా. బాగుండాది."

"నిజం చెప్పు. కొలువు కోసం అడగడం లేదు నేను."

"ఇంక దేనికోసం అడుగుతావక్కా?" అంది కుళ్లాయి. గొంతు పెంచలేదు.

ఆటగత్తెల మధ్య కొన్నేళ్ళుగా ఒక అలవాటు ముదిరింది. ఎదురుపడితే వాళ్ళు 'ఎట్లుండావు' అని అడగరు. 'వస్తివా' అంటారు, 'తింటివా' అంటారు. ఒంట్లో బాగాలేదన్న మాట ఒకరి నోట దాటితే చాలు, పావుగంటలో అది ఏదో ఒక కొలువుకు చేరుతుంది. అక్కడి నుంచి అంకె జారడం మొదలవుతుంది. అందుకని తల్లికీ చెప్పరు, మొగుడికీ చెప్పరు. ఇది తెలిసీ అడిగినందుకు హంపమ్మ కాస్త సిగ్గుపడింది. అడిగితే వాళ్ళు బిగుసుకుపోయిన తీరు చూసి, తన అనుమానమే నిజమని కూడా గట్టిగా అనుకుంది.

గౌసియా వెళ్ళిపోయాక, తట్టలు కడుగుతున్న అక్క దగ్గరికొచ్చి కుళ్లాయి గోడకానుకుని నిలబడింది.

"అక్కా, నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నన్ను నీ కొలువులో పెట్టుకోమని కూడా అడగలేదు."

"అడగలేదు. అందుకే నువ్వంటే నాకు గర్వం."

"ఇప్పుడు ఒకటి అడుగుతా. గౌసియాని రెండు వారాలు దించొద్దు. రెండే. పదిహేడో వారం అయితే నడుమ సెలవులొస్తాయి."

"ఎందుకు?"

"ఎందుకని అడగొద్దు."

హంపమ్మ చేతిలో తట్ట కింద పెట్టింది. "ఏమే, అది పైరవీ కాదా? నీ స్నేహితురాలు కాబట్టి నిలుపు అంటాండావు. నా వెనక అరవై వేలమంది ఉండారు. వాళ్ళకేం చెప్పల్ల నేను? మా చెల్లెలు అడిగిందని చెప్పల్లా?"

ఏదో చెప్పబోతున్నట్టు కుళ్లాయి పెదవులు విడివడ్డాయి. అక్క మణికట్టు మీద తడి అంటి పట్టీ దానంతటదే వెలిగింది. కుళ్లాయి దానివైపు చూసింది.

"సరే లేక్కా. నీకు ఎట్ల తోస్తే అట్ల చెయ్యి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు, పదహారో వారం సోమవారం, పదీ నలభైకి హంపమ్మ గౌసియాను దించింది. ఆమె మనసులో కపటం లేదు. విశ్రాంతి దొరికితే ఆ మోచెయ్యి తెగకుండా నిలబడుతుందనీ, తను గౌసియాకు మేలే చేస్తున్నాననీ నమ్మింది. ఖాళీ అయిన చోట అదే జట్టులో పక్కన కూర్చుంటున్న ఆలూరు సుంకులమ్మను నిలిపింది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, నిప్పులాంటి విసురు, నూట ఇరవై దాటుతుంది. తోక కొలువులన్నీ ఒక్కసారిగా కదిలాయి. వాటిని చూసి మిగతావాళ్ళూ కదిలారు. రెండు లక్షల పైన ఉన్న గౌసియా అంకె పావుగంటలో తొంభై వేలకు పడిపోయింది. పదకొండు గంటలకు తాళం పడేటప్పటికి సుంకులమ్మ ఆమెను దాటేసింది.

"మంచి పని చేస్తివక్కా. ఆ పిల్ల చెయ్యి అయిపోయిందని నేనూ అనుకుంటాండా" అంది రామాంజినమ్మ.

బుధవారం మధ్యాహ్నం హంపమ్మ గిడ్డంగిలో సెలవడిగి మైదానానికి వెళ్ళింది. ఎండ చురుక్కుమంటోంది. మెట్ల మీద జనం మణికట్లు ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. ఆట మైదానంలో కన్నా వాళ్ళ మణికట్ల మీదే ఎక్కువ జరుగుతున్నట్టుంది. సుంకులమ్మ మొదటి బంతి వేసింది. గ్లోవ్‌లో పడ్డ చప్పుడు పైమెట్టు దాకా వినబడింది. జనం హర్షించారు. హంపమ్మ పట్టీ మీద పాయింట్లు పెరిగాయి.

మూడు ఇన్నింగ్స్ అలాగే సాగాయి. ప్రత్యర్థులకు సుంకులమ్మ బంతి కనబడడమే లేదు. హంపమ్మ మాత్రం మెల్లగా ఇంకో సంగతి గమనించసాగింది. కుళ్లాయి ప్రతి బంతికీ గ్లోవ్ కింద కుడిచేతిని ఆనించి పట్టుకుంటోంది. పట్టిన తర్వాత బంతిని వెంటనే తియ్యడం లేదు. ఒక క్షణం తల వంచుకుని ఆగి, అప్పుడు తీస్తోంది. ఒకప్పుడు ఆడిన మనిషి గనక హంపమ్మకు ఆ క్షణం కొట్టొచ్చినట్టు కనబడింది. చెల్లెలి నాడి చూద్దామని మణికట్టు తిప్పింది. కుళ్లాయి తన కొలువులో లేదు కాబట్టి ఆ పేరు దగ్గర ఏమీ లేదు.

మైదానం పక్క బల్ల మీద కూర్చున్న గౌసియా లేచి నిలబడి, రెండు చేతులూ కిందికి ఆడిస్తూ సుంకులమ్మకు నెమ్మదిగా వెయ్యమని సైగ చేస్తోంది. సుంకులమ్మకు అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల నెమ్మదిగా ఎందుకు వేస్తుంది? అంత పెద్ద మ్యాచ్ ఆడడం దానికి అదే మొదలు. అంపైర్ గౌసియాను కూర్చోమని హెచ్చరించాడు. ఆమె కూర్చుంది. మళ్ళీ లేచింది.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బంతి కుళ్లాయి గ్లోవ్‌లోంచి జారింది. ఐదో దాంట్లో ఇంకొకటి. దాని తర్వాతి బంతిని పట్టుకుంది గానీ, పట్టుకున్న తర్వాత లేవలేదు. మోకాళ్ళ మీద ముందుకు ఒరిగి, గ్లోవ్‌ను పొట్టకు అదుముకుని అలాగే ఉండిపోయింది. అరవలేదు. గౌసియా అందరికంటే ముందు పరుగెత్తుకుంటూ వెళ్ళింది. హంపమ్మ మెట్లు దిగి కంచె దగ్గరికి చేరేటప్పటికి ఇద్దరు మనుషులు కుళ్లాయి చేతి నుంచి గ్లోవ్ ఊడదీస్తున్నారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ హంపమ్మను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. చూపుడువేలి మొదట్లో ఎముకకు ఐదు వారాల కిందటే సన్న బీట పడింది. అప్పుడే ఆడటం మానుకుని ఉంటే దానంతటదే అతుక్కునేది. ఈ ఒక్క రోజు దెబ్బలకు ఎముక ముక్కలై పక్కనున్న నరాన్ని నలిపేసింది. చెయ్యి ఉంటుంది. పట్టు ఉండదు.

"మల్ల ఆడుతుందా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

వరండాలో చెక్కబల్ల మీద గౌసియా కూర్చుని ఉంది. హంపమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు వాళ్ళను చూసుకుంటూ పోతున్నారు. గౌసియాయే మొదట మాట్లాడింది.

"పదకొండో వారంలో తగిలింది. పక్కకు పోయిన బంతి ఒకటి వేళ్ళ మొదట్లో తగిలింది. ఎడమచెయ్యి కదా, అక్కడ బిళ్ళ ల్యాదు. ఎవురికీ తెలీలేదు. డాక్టరు దగ్గరికి పోతే రాసుకుంటారు. రాసుకుంటే అందరూ దించేస్తారు. ఒకసారి కిందికి పోతే మల్ల పైకి వచ్చినోళ్ళు యాడుండారు? సెలవుల్లో కట్టు కట్టించుకుంటా, అంతవరకు ఎట్లో ఓర్చుకుంటా అనింది. అప్పుడు నేనే అంటి, నేను మెల్లగా వేస్తాలే అని."

హంపమ్మ గౌసియా వైపు తిరిగింది. "నాడి ఎందుకు దూకేది మరి?"

"బంతి వదిలేటప్పుడు దాని చెయ్యి చూసేదాన్ని కదక్కా. ఈసారి ఎట్ల తగుల్తుందో అని."

"నాకొక మాట చెప్పింటే" అంది హంపమ్మ. "ఆ పొద్దు ఇంట్లో, ఒక్క మాట చెప్పింటే. అది నా కొలువులో కూడా లేదు. దాన్ని నేనెందుకు దించుతా?"

"నువ్వు దించవు. అయితే తెలిసి ఊరకుండవు కూడా. ఊరకుంటే నీ లెక్కలో అదే పైరవీ." గౌసియా మాటల్లో కోపం లేదు. అలసట ఉంది. "నేను చెప్పేద్దామే అంటి. కుళ్లాయే వద్దనింది. 'మా అక్కకి అబద్ధం చెప్పేది రాదు గౌసీ. అరవై వేలమంది అడిగితే పాపం అది ఏం చెప్తుంది? ఆ బరువు దాని నెత్తిన ఎందుకు పెట్టల్ల' అనింది."

హంపమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఆమె మణికట్టు మీద పట్టీ వెలిగింది. ఆ వారం అప్పటిదాకా అన్ని కొలువుల్లోకీ ఆమె కొలువుకే ఎక్కువ పాయింట్లు వచ్చాయని తెలిపింది. ఆమె దాన్ని ఊడదీసి పక్కన పెట్టింది. చర్మం మీద తెల్లటి గుర్తు మిగిలింది.

ఆ తర్వాత జరిగినవన్నీ ఎవరి తప్పూ లేకుండానే జరిగిపోయాయి. హంపమ్మ మళ్ళీ పట్టీ తొడగలేదు. యజమాని తాకని కొలువు ఎలా ఉన్నది అలాగే నిలిచి ఉంటుంది. అలా తాకకుండా వదిలేసిన కొలువే సీజన్ ఆఖరుకు జిల్లాలో మొదటిదిగా నిలిచింది. బహుమానం తీసుకోవడానికి ఆమె వెళ్ళలేదు. పోటీ నడిపే కార్యాలయానికి ఒక ఉత్తరం రాసింది. తను చేసిన పని, దానివల్ల జరిగింది, అంతా దాచకుండా రాసి, మనుషులు ఒకరికొకరు నొప్పి చెప్పుకోలేని పరిస్థితి వచ్చిందని ఆఖర్న ఒక వాక్యం చేర్చింది. జవాబు మర్యాదగా వచ్చింది. గౌసియా వేగం తగ్గడాన్ని దేహవాణి సరిగ్గానే పసిగట్టిందనీ, లోపం ఎడమచేతికి బిళ్ళ లేకపోవడమేననీ, వచ్చే సీజన్ నుంచి క్యాచర్ల రెండు చేతులకూ బిళ్ళలు పెడతామనీ, సూచనకు కృతజ్ఞతలనీ రాశారు. అన్నట్టుగానే పెట్టారు. కొత్త సీజన్ మొదటి సోమవారం ఎనిమిది జట్లలోనూ కలిపి పదకొండు మంది క్యాచర్ల చేతుల్లో పాత బీటలు బయటపడ్డాయి. పదకొండు గంటల తాళానికి ముందే ఆ పదకొండు మందినీ దించేశారు.

హంపమ్మ ఆ సీజన్‌కు కొలువు కట్టలేదు. ఆమె వెనక ముడిపడిన తోక కొలువులు మొదటి వారం ఖాళీగా మిగిలిపోయి, వాటి యజమానులు ఆమెను నాలుగు మాటలు తిట్టుకుని, వేరొకరికి ముడివేసుకున్నారు. గౌసియా అంకె మళ్ళీ లేవలేదు. ఆమె మోచెయ్యి ఇనుప కడ్డీలా ఉందని ఎంతమంది చెప్పినా, ఒకసారి పడిన అనుమానం పోలేదు. కుళ్లాయికి కళ్యాణదుర్గం దగ్గర ఆడపిల్లల బడిలో ఆట నేర్పే ఉద్యోగం దొరికితే, గౌసియా కూడా అక్కడికే వెళ్ళి చేరింది. ఇద్దరూ బడి పక్కన ఒక చిన్న ఇల్లు తీసుకున్నారు. వెళ్ళేరోజు కుళ్లాయి అక్క కాళ్ళకు దండం పెట్టింది. పోట్లాడలేదు. ఆ పదహారో వారం గురించి అప్పుడూ ఆ తర్వాతా ఒక్క మాట ఎత్తలేదు. వారానికోసారి ఫోన్ చేస్తుంది. వానల గురించి చెబుతుంది, బడి పిల్లల గురించి చెబుతుంది.

ఒక సోమవారం గిడ్డంగిలో రామాంజినమ్మ అంది. ఆమె కూతురు ఆ బడిలోనే చదువుతోంది.

"మీ కుళ్లాయికి ఆపరేషన్ బాగా అయ్యిందంట కదక్కా. బెంగుళూరులో పది దినాలుండి వచ్చినారంట, గౌసియా తోడు పోయిందంట. వేళ్ళు కొంచెం కదుల్తాండాయని మా పాప చెప్తాండాది. రెండు నెల్లాయనంట. నువ్వు చెప్పనే లేదే?"

హంపమ్మ చేతిలో గింజలు వదల్లేదు.

"మర్చిపోతి" అంది.

ఆ ఆదివారం ఆమె బస్సెక్కి కళ్యాణదుర్గం వెళ్ళింది. కుళ్లాయి బడి ఆవరణలో ఉంది. సెలవురోజైనా పిల్లలు ఆడుకుంటున్నారు. అక్కను చూసి నవ్వుతూ ఎదురొచ్చి, వేపచెట్టు నీడలో బల్ల మీద కూర్చోబెట్టింది. గౌసియా ఇంట్లోంచి మజ్జిగ తెచ్చింది. కుళ్లాయి గ్లాసును ఎడమచేత్తో అందుకుంది. మూడు వేళ్ళు గ్లాసు చుట్టూ వంగాయి, చూపుడువేలు నిటారుగానే ఉండిపోయింది. మణికట్టు పైదాకా కొత్త కుట్ల గీత ఎర్రగా ఉంది. ఈసారి హంపమ్మ చూడాల్సిన చేతినే చూసింది. చూసి, ఈ ఏడు శనక్కాయ బాగా ఊరిందని చెప్పింది. గిడ్డంగికి కొత్త జల్లెడలు వచ్చాయని చెప్పింది. కుళ్లాయి అన్నిటికీ ఊఁ కొట్టింది. నొప్పిగా ఉందో, తగ్గిందో, రాత్రుళ్ళు నిద్ర పడుతోందో ఆమె చెప్పలేదు. అడిగే అర్హత తనకు ఎప్పుడు తిరిగొస్తుందో హంపమ్మకు తెలియలేదు.

మైదానంలో బేస్ మీదికి జారిన పిల్ల ఒకతె మోచెయ్యి గీరుకుంది. లేచి నేరుగా కుళ్లాయి దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపింది.

"మిస్, ఈడ నొస్తాండాది. చానా నొస్తాండాది. ఇంగ ఆడలేను."

"యాడ, చూపించు" అని కుళ్లాయి ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, తన ఎడమచేతి మూడు వేళ్ళతో దుమ్ము తుడిచింది. "ఇంకా యాడన్నా నొస్తాండాదా?" అని అడిగింది. పిల్ల మోకాలు చూపించింది. తర్వాత పొద్దున గోడకు తగిలిన నుదురు చూపించింది. నిన్నటి చీమ కాటు కూడా చూపించింది. కుళ్లాయి అన్నిటినీ ఓపికగా చూసింది.

హంపమ్మ లేచి, బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది. బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది. ఆమె రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.